నాన్న నడిపిన పన్నెండో రేసు

"పిచ్చుకా, కాఫీలో పంచదార సరిపోలేదని మీ అమ్మతో చెప్పు."

"అమ్మా, పంచదార సరిపోలేదట."

"డాక్టరు గారు తగ్గించమన్నారని మీ తాతయ్యతో చెప్పు."

"తాతయ్యా, డాక్టరు గారు... అబ్బా! ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు కదా! నాకు స్కూలు బ్యాగే బరువు. మీ మాటలు కూడా నేనే మొయ్యాలా?"

తొమ్మిదేళ్ల పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. నలభై రోజులుగా ఆ ఇంట్లో తండ్రి మాట కూతురికి చేరాలన్నా, కూతురి మాట తండ్రికి చేరాలన్నా పిచ్చుక మీదుగానే వెళ్లాలి. పిచ్చుకంటే వాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

"తండ్రి మొండి, కూతురు జగమొండి. మధ్యలో పసిదాని ప్రాణం తీస్తున్నారు" అని అమ్మమ్మ విసుక్కుంటూ గిన్నెలు సర్దింది.

గొడవంతా గుమ్మం పక్కనున్న ఖాళీ కొక్కెం గురించే. కారు తాళం ఉండాల్సిన చోటు అది.

పెద్దాయన ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపారు. ఒక్కరికి గీత కూడా పడనివ్వలేదు. రిటైరయ్యాక మనవరాలిని కారులో స్కూలుకి దింపడమే ఆయన ఉద్యోగం. దానికి కూడా ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు తప్పనిసరి. మూడు నెలల కిందట ఒక సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడినా ఆయన కారు కదల్లేదు. వెనక హారన్లు మోగిపోతున్నా కదల్లేదు. పిచ్చుక వెనక సీట్లోంచి భుజం తట్టాక "ఏదో ఆలోచిస్తున్నాలే" అన్నారు. మరో నెలకి మూసి ఉన్న గేటుని మెల్లగా గుద్దారు. తెరిచి ఉందనుకున్నానన్నారు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "కొన్ని సెకన్ల పాటు స్పృహ జారిపోతోందేమోనని అనుమానం. అలా జరిగినట్టు ఆయనకే తెలియదు. మందులు వాడుతూ చూద్దాం. నేను చెప్పేదాకా బండి ముట్టుకోవద్దు" అన్నాడు.

"స్పృహ పోవడమా? నాకా?" అన్నారు పెద్దాయన. ఆ సాయంత్రమే కూతురు తాళం తీసి తన ఆఫీసు బ్యాగులో వేసుకుంది. ఆ క్షణం నుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశారు.

ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే బస్సులు చూస్తుంటే ఆమె చూడలేకపోయేది. ఫ్యాక్టరీలో ఆమెది కొనుగోళ్ల విభాగం. అక్కడ మేకులు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి పట్టిక గీయాల్సిందే. అందుకే సిమ్ రేసింగ్ గురించి భర్త చెప్పినప్పుడు ఆమె చెయ్యి వెంటనే స్కేలు మీదికి వెళ్లింది. టేబులుకి స్టీరింగు బిగించి, కాళ్ల కింద పెడల్స్ పెట్టుకుని, ఇంటర్నెట్లో ఎక్కడెక్కడి వాళ్లతోనో పోటీగా కారు నడపడమట. స్క్రీను ముందు కూర్చోవచ్చా అని డాక్టరుని అడిగి, సరేనన్నాకే పట్టిక మొదలుపెట్టింది.

మూడు సర్వీసులు తేలాయి. మొదటిది సరదారాయుళ్లది. ఎప్పుడంటే అప్పుడు దూరిపోవచ్చు, ఎవర్నైనా గుద్దొచ్చు, ఒక మీట నొక్కితే మళ్లీ కొత్త కారు. రెండోది నడిమిరకం. ఒంటరిగా సాధన చేసుకోవచ్చు, సాయంత్రం ఖాళీ దొరికితే ఒక రేసు ఆడుకోవచ్చు. మూడోది పంతం ఉన్నవాళ్లది. టైము ప్రకారం రేసు, అడుగు నుంచి మొదలయ్యే లైసెన్సు, తగిలిన ప్రతిసారీ మార్కుల కోత. ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారించడానికి మనుషులున్నారు. ప్రతి రేసూ రికార్డవుతుంది. "నాన్నకి సరదాది చాలు" అని ఆమె మొదటిదానికి టిక్కు పెట్టింది.

పిచ్చుక చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెడితే పెద్దాయన కూర్చున్నారు. మొదటి మలుపులోనే ఎవడో వెనక నుంచి ఢీకొట్టి పోయాడు. పెద్దాయన కారుని పక్కకి తీసి ఆపేశారు.

"ఆపేశావేంటి తాతయ్యా?"

"గుద్దాడుగా. వాడొచ్చేదాకా ఆగాలి. నంబరు రాసుకోవాలి."

"వాడు రాడు తాతయ్యా! వాడెక్కడో వేరే దేశంలో వాడింట్లో ఉన్నాడు!"

"గుద్ది వెళ్లిపోతాడా? ఇదేం సంతే?" ఆయన లేచి వెళ్లిపోయారు. అటునుంచి అటే రెండోది కూడా వద్దన్నారు. మూడోదాని నిబంధనలు మాత్రం పిచ్చుక చేత రెండుసార్లు చదివించుకుని, "ఇది మా డిపోలా ఉంది. టైముంది, రూలుంది, అడిగేవాడున్నాడు" అన్నారు. మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కా మళ్లీ బయటికొచ్చింది.

పదకొండు రేసులు నడిపారు. చాలావాటిలో ఆఖరు స్థానం ఆయనదే. "ఏమండీ, వాళ్లంతా భోంచేసి చేతులు కడుక్కుని ఉంటారు. మీరింకా వస్తూనే ఉన్నారా?" అని అమ్మమ్మ ఆటపట్టించేది. ఆయన పట్టించుకోలేదు. పదకొండింటిలో ఒక్క కారుని కూడా తాకలేదు. లైసెన్సు ఒక మెట్టు పెరిగింది. అల్లుడు దాన్ని ప్రింటు తీస్తే పిచ్చుక ఫ్రిజ్‌కి అంటించింది.

ఆదివారం పొద్దున కూతురు ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తుంటే పెద్దాయన వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మాయ్."

నలభై రోజుల తర్వాత విన్న మొదటి పిలుపు అది. ఆమె పాలగిన్నె పక్కన పెట్టింది.

"తాళం ఇవ్వు. రేపు పిచ్చుకని నేను దింపుతాను."

"నాన్నా, డాక్టరు గారు ఇంకా..."

"డాక్టరుది అనుమానం. ఇదిగో రుజువు." ఫ్రిజ్ మీది కాగితాన్ని వేలితో కొట్టారు. "నువ్వు పట్టిక గీసి తెచ్చిందే కదా? అన్నిట్లోకీ కఠినమైంది ఇదేనని నువ్వే రాశావు కదా? మొహం తెలియనివాళ్లు నన్ను నమ్మి లైసెన్సు పెంచారు. కన్నకూతురు నమ్మదు."

"నమ్మకం సంగతి కాదు నాన్నా. వెనక సీట్లో పిచ్చుక ఉంటుంది."

"చిన్నప్పుడు నువ్వూ నా వెనక సీట్లోనే కూర్చున్నావు! నీకు స్కూటీ నేర్పింది నేను. బండి వెనక పరిగెత్తింది నేను. ఇప్పుడు నా చేతిలోంచి తాళం లాక్కునేంత దానివయ్యావు. నేను ఈ ఇంట్లో మూలన పెట్టిన సామానునా?"

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఒక్కసారి ఇచ్చి చూడవే. ఆయన్నిలా చూడలేకపోతున్నాను" అంది.

తండ్రి నోట మళ్లీ "అమ్మాయ్" అని వినడం కోసమైనా ఇచ్చెయ్యాలనిపించింది ఆమెకి. ఆ బలహీనతలోనే నోరు జారింది. "సరే నాన్నా. రేపు పొద్దున ఇస్తాను."

మధ్యాహ్నం నాలుగింటికి ఆయన పన్నెండో రేసు. ఆమె వరండాలో బట్టలు మడతపెడుతోందన్న మాటే గానీ, ఒకే చొక్కాని మూడుసార్లు మడతపెట్టింది. లోపల్నుంచి కేక వినపడగానే పరిగెత్తింది.

"అబద్ధం! పచ్చి అబద్ధం!" పెద్దాయన ఊగిపోతున్నారు. స్క్రీను మీద ఫిర్యాదు ఉంది. మలుపులో నెమ్మదించిన తన కారుని ఆయన బ్రేకు వెయ్యకుండా వచ్చి గుద్దారని ఒక డ్రైవరు రాశాడు. "నేను గుద్దడమేంటి? వాడే అడ్డం వచ్చుంటాడు. అప్పీలు చేస్తాను. అమ్మాయ్, ఆ రికార్డింగు తియ్యి."

ఆమె తీసింది. వంతెన దాటి కారు సాఫీగా వస్తోంది. స్క్రీను కింద మూలన రెండు గీతలు. యాక్సిలరేటరు తొక్కితే పచ్చ గీత లేస్తుంది, బ్రేకు తొక్కితే ఎర్రది. ముందున్న కార్ల వెనక లైట్లు వెలిగాయి. అన్నీ మలుపు తిరిగాయి. ఆయన కారు తిరగలేదు. స్టీరింగు కదల్లేదు. పచ్చ గీత లేచింది లేచినట్టే ఉండిపోయింది. ఎర్ర గీత లేవనే లేదు.

"మళ్లీ పెట్టు" అన్నారు.

మళ్లీ పెట్టింది. ఈసారి ఆయన నెమ్మదిగా లెక్కపెట్టారు. "ఒకటి... రెండు... మూడు... నాలుగు." నాలుగుకి కారు వెళ్లి తగిలింది.

"వంతెన గుర్తుంది. తర్వాత నా కారు గిర్రున తిరగడం గుర్తుంది." ఆయన వేలు స్క్రీను మీద ఆగింది. "మధ్యలో ఈ మలుపు... నేనసలు చూడలేదమ్మా."

పిచ్చుక కుర్చీ చేతి మీద ఎప్పటిలాగే తాతయ్యకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన దాని జడని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత లేచి తన గదిలోకి వెళ్లి, మడతపెట్టిన చేతిరుమాలు తెచ్చి కూతురి చేతిలో పెట్టారు. విప్పితే అందులో కారు రెండో తాళం ఉంది.

"ఇది... మీ దగ్గరే ఉందా నాన్నా?"

"కారు కొన్నరోజు నుంచీ ఉంది. నువ్వు మర్చిపోయావు."

"మరి ఈ నలభై రోజులూ..."

"నువ్వొద్దన్నావు కదమ్మా. కోపమొచ్చింది గానీ, నీ మాట దాటి ఎలా తీస్తాను? నువ్వే పిలిచి ఇస్తావని చూశాను." ఆయన పిచ్చుకని దగ్గరికి లాక్కున్నారు. "ఇవ్వలేదు, బతికించావు. నా ముప్పై రెండేళ్ల పేరునీ, ఈ పిల్లనీ. నీకు చాలా థాంక్స్ రా అమ్మా."

తాళం లాక్కుని తండ్రిని అదుపులో పెట్టాననుకుందామె. ఇన్నాళ్లూ ఆయనే ఆమె మాటకి తలొంచి ఉన్నారు. అది తెలిసేసరికి ఇక ఆగలేకపోయింది. చిన్నప్పటిలా ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "రేపు ఇస్తానన్నాను నాన్నా, ఇచ్చేసేదాన్ని" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. ఆయన ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది.

అప్పీలు మానేసి ఆ డ్రైవరుకి ఒక ఉత్తరం రాయించారు. పిచ్చుక టైపు చేసింది: "బాబూ, తప్పు నాదే. నువ్వు ఫిర్యాదు చెయ్యబట్టి నాకొక పెద్ద విషయం తెలిసింది. నువ్వు చల్లగా ఉండాలి." ఎక్కడివాడో, ఏ వయసువాడో, గంటలో జవాబిచ్చాడు. తనని గుద్దినవాళ్లలో ఆగి మాట్లాడింది ఈయన ఒక్కరేనట. "చూశావా, ఆగాలనే కదా నేను మొదటి నుంచీ చెప్తున్నది!" అని పెద్దాయన గర్వంగా అందర్నీ చూశారు.

సోమవారం పొద్దున కొక్కేనికి రెండు తాళాలు వేలాడుతున్నాయి. కూతురు ఒకటి తీసుకుంది. పెద్దాయన బూట్లు వేసుకుని ఆమె పక్క సీట్లో కూర్చున్నారు. స్కూలు దగ్గర పిల్లని దింపి, అటునుంచి ఆ రికార్డింగు చూపించడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

"అమ్మాయ్, కాఫీలో పంచదార ఇవాళ కూడా సరిపోలేదు" అన్నారు దారిలో.

"నాకు కాదు! అమ్మా, తాతయ్య నీకే చెప్తున్నాడు!" అని వెనక సీట్లో పిచ్చుక చప్పట్లు కొట్టింది.

అదే పాత సిగ్నల్. ఎర్ర లైటు పడితే ఆమె కారు ఆపింది. ఎదురుగా ఉన్నవన్నీ కన్నీళ్లలో మసకబారిపోయాయి. వెనక నుంచి ఒక హారను మోగింది, ఇంకోటి మోగింది. పెద్దాయన తన చేతిరుమాలు తీసి ఆమె ఒళ్లో పెట్టారు.

"పచ్చ పడిందమ్మా" అన్నారు మెల్లగా. "నేను చూస్తున్నాగా. పద."