పదిహేడో కొమ్మ దగ్గర మనిషి

మంచు దారి మీద పదిహేడో కొమ్మ వచ్చిందంటే, మా దీవిలో ఏ తల్లీ పిల్లల్ని బండి కిటికీలోంచి బయటికి చూడనివ్వదు.

గడ్డకట్టిన సముద్రం మీద ఔలు పట్నం వైపు పోయే దారి అది. అంచున పాతిన స్ప్రూస్ చెట్టు కొమ్మలే దానికి గుర్తులు. ఆ దారిలో సీటు బెల్టు పెట్టుకోం — మంచు విరిగితే దూకాలి కదా. లెంపి భర్త ఓయ్వా దూకలేకపోయాడు. పదిహేడో కొమ్మ దగ్గర మునిగాడు. శవం దొరకలేదు.

మా పిల్లల బడి టాక్సీ రోజూ అటే పోతుంది. అందుకే అతని తమ్ముడు తాయిస్తోను అడిగి మరీ ఇదంతా చెప్పించుకున్నాను.

మరుసటి ఏడాది ఒడ్డున కొత్త తరం ఫోన్ టవర్ లేచింది. మన చేతిలో ఫోన్ లేకపోయినా సరే, దాని అలలు మనిషికి తగిలి వెనక్కి వెళ్తాయి. అప్పుడు మంచు తోసే బండిలో ఓ గొంతు "ముందు మనిషి" అంటుంది. బండి దానంతటదే ఆగుతుంది.

తాయిస్తో ఆ బండి నడిపిన మొదటి రోజే ఆగింది... పదిహేడో కొమ్మ దగ్గర.

టార్చి వేసి చూశాడు. ఎవరూ లేరు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ...

"వదినా, మీ ఆయన ఇవాళ కూడా దారికడ్డంగా నిలబడ్డాడు. బతికున్నప్పుడు మాత్రం జరగమంటే జరిగేవాడా?" అని నవ్వాడు తాయిస్తో.

లెంపి నవ్వలేదు. మెల్లగా అడిగింది — "టోపీ పెట్టుకున్నాడా?"

సోమవారం టవర్ ఇంజినీరు యూనా వచ్చాడు. "మంచు పగులు నుంచి వచ్చే ప్రతిధ్వని అండీ. ఆ చోట ఏం కనిపించినా బండికి చేరనివ్వొద్దని టవర్‌కి చెప్పేశాను."

బండిలో గొంతు ఆగిపోయింది. తాయిస్తో వేళాకోళం ఆగలేదు.

"ఇవాళా ఉన్నాడా?" అంది లెంపి.

"లేకేం! కాఫీ తెమ్మన్నాడు."

గురువారం నాలుగింటికే చీకటి. గాలిమంచు. లెంపి ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని, ఓయ్వా ఉన్ని టోపీ తీసుకుని, మంచు మీద జారే తోపుడు స్లెడ్జి మీద బయల్దేరింది. పదిహేడో కొమ్మ దగ్గర వెనక నుంచి బండి లైట్లు పడినా పక్కకి తప్పుకోలేదు — అక్కడ బండి ఎప్పుడూ ఆగుతుంది కదా.

ఆఖరి క్షణంలో తాయిస్తోకు కనిపించింది... బస్సును ఆపినట్టు చెయ్యెత్తి నిలబడి ఉంది.

బండి ఆగలేదు.

అంత్యక్రియలయ్యాక చర్చి మెట్ల మీద యూనా తాయిస్తో చెయ్యి పట్టుకున్నాడు. "టవర్ ఆమెను చూసింది... కానీ దాని రికార్డులో ఇద్దరున్నారు."

"రెండోది నీ ప్రతిధ్వనేగా?"

"ప్రతిధ్వని కదలదు. అన్నాళ్లూ కదల్లేదు కూడా. ఆ రోజు కదిలింది."

"ఎటు?"



"బండికి ఎదురుగా... ఆమెకు అడ్డం వచ్చి నిలబడింది. టవర్ పదకొండు సార్లు 'ముందు మనిషి' అంది. నీకు వినపడనివ్వొద్దని చెప్పింది నేనే."