మందాకిని జిడ్డు

యంత్రం మందాకిని ముక్కు మీద టకటకలాడుతోంది. నూట పన్నెండో రంధ్రం పని అయిపోయింది. ఇంకా వేలున్నాయి.

విశాఖలో డాక్టర్ కోదండపాణి తయారుచేసిన ఈ లేజర్ యంత్రం సంగతి సులువుగానే చెప్పొచ్చు. చర్మంలో ప్రతి రంధ్రం కిందా ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆ నూనెకి చచ్చిన చర్మం తోడైతే రంధ్రం పూడుకుపోతుంది, గిల్లితే పుండవుతుంది. ఈ యంత్రం గ్రంథినే మాడ్చేస్తుంది. ఇక జన్మలో జిడ్డన్నది ఉండదు.

ముక్కు వరకు చాలని ఆయన నచ్చజెప్పాడు పాపం. నూనె మురికి కాదనీ, రెండు పూటలా గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కడుక్కుంటే సరిపోతుందనీ, మనిషి వాసన ఆ జిడ్డులోనే ఉంటుందనీ చెప్పాడు. మందాకిని వింటేగా! టీవీలో వార్తలు చదివే మనిషి. లైట్ల కింద మొహం ఇత్తడి చెంబులా మెరుస్తోంది, రాత్రి బులెటిన్ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఛానెల్‌వాళ్లు బెదిరించి ఉన్నారు.

"సగం పని నాకొద్దు డాక్టర్‌గారూ. మొహం, మెడ, గుండెల దాకా అన్నీ కాల్చేయండి."

కాల్చేశాడు. సంతకం పెట్టించుకుని మరీ కాల్చేశాడు.

పది రోజులు క్లినిక్‌లో ఉండి, కట్లు విప్పించుకుని సంబరంగా ఇంటికొచ్చింది. ఏడాదిన్నర కూతురు ఇందుజని ఎత్తుకుంది. పిల్ల తల్లి మెడలో ముక్కు పెట్టి, ఒళ్లు బిగుసుకుని, గుక్కపట్టి ఏడ్చింది. ఆయా పైడమ్మ చంకలోకి దూకేసింది. మర్నాడూ అంతే. నెలైనా అంతే. తల్లి చేతి ముద్ద నోట పెట్టనివ్వదు, పక్కలో పడుకోదు. ఊళ్లో హోర్డింగుల మీద మాత్రం మందాకిని చుక్క జిడ్డు లేకుండా నవ్వుతోంది.

డాక్టర్ దగ్గరికి పరిగెత్తింది.

"పసివాళ్లు తల్లిని ముందు ముక్కుతోనే గుర్తుపడతారమ్మా. మాడిన గ్రంథి మళ్లీ పుట్టదు," అన్నాడాయన. ఫైల్లో ఆమె సంతకం కూడా చూపించాడు.

ఇంటికొచ్చి పైడమ్మని కూర్చోబెట్టింది. దూదితో ఆమె నుదురు, ముక్కు, మెడ గట్టిగా తుడిచింది.

"నా మొకం జిడ్డు మీకెందుకమ్మగోరూ?" అంది పైడమ్మ బిత్తరపోయి.

మందాకిని ఆ దూదిని తన చెంపలకీ మెడకీ పులుముకుని, మధ్యాహ్నం నిద్రలోంచి లేస్తున్న పిల్లని ఎత్తుకుంది.

ఇందుజ ఏడవలేదు. మెడలో మొహం దాచుకుంది. ఇన్నాళ్లకి కూతురు గుండెకి ఆనేసరికి మందాకినికి కన్నీళ్లు ఆగలేదు. పిల్ల హాయిగా కళ్లు మూసుకుని, "పైదమ్మా" అంది.