సానగదిలో నల్ల చేతులు

మా అక్కావాళ్ళ వీధి చివర ఒక పాడుబడిన ఇల్లుంది. దాని ముందు గదిని అందరూ సానగది అంటారు. చీకటి పడ్డాక మగవాళ్ళెవరూ అటు నడవరు. ఆడవాళ్ళు నడుస్తారు. కుళాయి అటువైపే ఉంది మరి. దెయ్యం ఉందని నీళ్ళు తేవడం మానేస్తామంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు.

ఆ ఇంట్లో ఒకప్పుడు పెద్దమేస్త్రి ఉండేవాడు. వడ్రంగుల్లో అంతటివాడు లేడంటారు. ఉలికి పదును సరిపోలేదని సణుక్కుంటూ, సానరాయి మీదే తల వాల్చి పోయాడట. ఆ రాయి ఇప్పటికీ అక్కడే ఉంది. రాత్రయితే శబ్దం వస్తుంది...

స్ర్ర్... స్ర్ర్... స్ర్ర్...

కాసేపు ఏమీ ఉండదు. తర్వాత — ఫట్... ఫట్...

ఇక్కడినుంచి జరిగింది మా బావ చెప్పినట్టే చెబుతున్నాను. గొప్పలు ఆయనవి, కామాలు నావి.

బావ వడ్రంగి. వీధిలో అందరూ గ్రైండర్ బావ అంటారు. ఏ కత్తి మొద్దుబారినా తీసుకెళ్ళి కరెంటు గ్రైండరుకి ఆనించేస్తాడు. నిప్పురవ్వలు ఇల్లంతా ఎగురుతాయి. అంచు వేడెక్కి నీలంగా మారుతుంది. ఉక్కు అలా మాడిందంటే దాని పస పోయినట్టే, రెండు చెక్కలు చెక్కగానే మళ్ళీ మొద్దు. బావ మాత్రం ఆ నీలం రంగే పదునుకి గుర్తని చెప్పుకు తిరిగేవాడు. అక్కని పనిముట్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆడచెయ్యి తగిలితే పదును పోతుందని వాళ్ళ నాన్న చెప్పాడట. ఆ నాన్నగారి పనిముట్లూ మొద్దువే. అవి ఎవరి చెయ్యి తగిలి మొద్దుబారాయో ఆయన చెప్పలేదు.

పని నున్నగా రావడం లేదని ఒక్కొక్కరే బావని పిలవడం మానేశారు. చివరికి చెక్కబొమ్మలు చేసే కార్ఖానాలో ఒక్క ఖాళీ ఉందని తెలిసింది. పొద్దున్నే వెళ్ళి, వాళ్ళ కళ్ళ ముందు ఒక పిట్టని చెక్కి చూపించాలి. కుదిరితే ఉద్యోగం. కుదరకపోతే ఇల్లు ఖాళీ చేసి, వాళ్ళన్నయ్య పంచన చేరాలి.

ముందురోజు రాత్రి భోజనం అయ్యాక బావ పనిముట్ల సంచీ కోసం చూశాడు. లేదు. మంచం కింద లేదు, అటక మీద లేదు. వెతకడానికి వెళ్దామని ప్యాంటు వేసుకుంటే — బెల్టు కూడా లేదు. అక్కని పిలిచాడు. అక్కా లేదు.

బావ ఎప్పుడు చెప్పినా ఈ వరసలోనే చెబుతాడు. సంచీ, బెల్టు, అక్క.

పక్కింటికి వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాడు. వీధి అవతల ఉన్న ఇంకో వడ్రంగిని కత్తులు అడిగి తెచ్చుకుందామని బయల్దేరాడు. దగ్గర దారి ఒక్కటే — సానగది ముందునుంచి.

ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టుకుని నడిచాడు.

గాలి లేదు. కుక్కలు లేవు. వీధి దీపం ఒక్కటే గుడ్డిగా వెలుగుతోంది...

స్ర్ర్...

ఆగాడు. శబ్దం కూడా ఆగింది.

అడుగేశాడు.

స్ర్ర్... స్ర్ర్...

పరిగెత్తాలి. కానీ ప్యాంటు పట్టుకుని మనిషి ఎంత దూరం పరిగెత్తగలడు? కాళ్ళు కిటికీ దగ్గరే అతుక్కుపోయాయి. తల దానంతటదే లోపలికి తిరిగింది...

వంగి కూర్చున్న ఆకారం. ముఖం మీద పడ్డ జుట్టు. మణికట్ల దాకా నల్లటి చేతులు. ఆ చేతుల్లో కత్తి — ముందుకీ... వెనక్కీ...

ఆకారం తలెత్తలేదు. గుసగుసగా అంది —

“తప్పుకో... వెలుతురుకి అడ్డం.”

బావ తప్పుకున్నాడు. ఎంతగా తప్పుకున్నాడంటే, ఇంట్లో, మంచం మీద, దుప్పటి కింద తేలాడు. ప్యాంటు మాత్రం దారిలోనే ఉండిపోయింది.

తెల్లారింది. సంచీ గుమ్మం దగ్గరుంది. దాని మీద బెల్టు చుట్టి ఉంది, తోలు నిండా నల్లటి చారలు. పక్కనే ప్యాంటు, మడతపెట్టి. దెయ్యం ప్యాంటు మడతపెడుతుందా అన్న అనుమానం బావకి రాలేదు. ఇంట్లో బట్టలు వాటంతటవే మడతపడతాయనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు.

చెక్కుడు కత్తి తీసి, వడ్రంగులు చూసుకున్నట్టే ముంజేతి వెంట్రుకలకి ఆనించాడు. ఆనించడమే — గొరిగినట్టు రాలిపోయాయి.

“పెద్దమేస్త్రి నన్ను కరుణించాడే,” అన్నాడు అక్కతో, గొంతు తగ్గించి.

“మంచిది. టీ చల్లారుతోంది,” అంది అక్క.

సంచీ ముట్టుకోవాలంటే ఆయనకి భయం. అందుకని అక్కనే మొయ్యమన్నాడు. ఆడచెయ్యి సంగతి ఆ పూట గుర్తురాలేదు.

కార్ఖానాలో పిట్ట చెక్కలోంచి తనే నడిచొచ్చినట్టు వచ్చింది. పరీక్ష పెట్టిన సూపర్‌వైజరమ్మ పిట్టని చూడలేదు. కత్తి తీసుకుని అంచు వెలుతురుకి పట్టింది.

“ఈ పదును ఎవరు పెట్టారయ్యా?”

నేనే అందామనుకున్నాడు బావ. అంటే రాయి చేతికిచ్చి పెట్టి చూపించమంటుందని భయమేసింది.

“దెయ్యం అండీ.”

ఆవిడ నవ్వలేదు. “చెక్కేవాళ్ళు మాకు బోలెడుమంది. చెక్కుడు కత్తులు, కొమ్మలు కొట్టే కత్తులు, ఉలులు, అన్నీ మొద్దుబారి పడున్నాయి. పదును పెట్టే మనిషే లేదు. నీ దెయ్యాన్ని తీసుకురా, ఆ ఖాళీ దానికే ఇస్తాను.”

“అది రాత్రిళ్ళే వస్తుందండీ...”

ఆవిడ వినడం లేదు. సంచీ పట్టుకుని నిలబడ్డ అక్క ఎడమ ముంజేతిని చూస్తోంది. అక్కడ ఒక చోట వెంట్రుకన్నది లేదు. పలకలా నున్నగా ఉంది. ఆవిడ తన చొక్కా చెయ్యి పైకి మడిచింది. అక్కడా అంతే నున్నగా, అంతే మేర...

రోజూ అంచు చూసుకునే చెయ్యి అలాగే ఉంటుంది.

బావ నోరు తెరుచుకుంది. “నువ్వా? ఆ గుసగుస... నువ్వా?”

పెళ్ళాం గొంతు ఎలా గుర్తుపట్టలేదని అడక్కండి. గట్టిగా చెప్పినప్పుడే వినని మనిషికి గుసగుస ఏం తెలుస్తుంది?

“పుట్టింట్లో పనిముట్లన్నిటికీ నేనే సాన పట్టేదాన్ని,” అంది అక్క. “నీ ఇంట్లో వద్దన్నావు. ఇంట్లో పట్టలేదుగా. వీధిలో ఆడవాళ్ళ కత్తిపీటలకి రోజూ సానగదిలోనే పడుతున్నాను, రాత్రి నీ సంచీ కూడా పట్టుకెళ్ళాను.”

“మరి నా బెల్టు?”

“చివర్లో తోలు మీద రుద్దితేనే అంచు నిలుస్తుంది. నీ దగ్గర అంతకంటే పనికొచ్చేది కనపడలేదు.”

ఉద్యోగం అక్కకే వచ్చింది. గ్రైండరు వదిలించుకున్నాక కనపడమని బావకి చెప్పారు. ఇప్పుడు సానగదిలోంచి ఏ శబ్దమూ రాదు. దెయ్యం పగటి డ్యూటీలో ఉందని వీధిలో ఆడవాళ్ళు నవ్వుకుంటారు. మగవాళ్ళు ఇప్పటికీ చుట్టు తిరిగే వెళ్తారు.

ఇక్కడితో ఆపేసేదాన్నే. మొన్న సాయంత్రం అక్క పని నుంచి వచ్చి, సాన మడ్డికి నల్లబడ్డ వేళ్ళు సబ్బుతో తోముకుంటూ ఒక మాటంది.

“సానగదిలో ఆ రాయి బాగా నానితేగాని పని చెయ్యదే. ముందుగానే ఎవరో ఒకరు నీళ్ళలో వెయ్యాలి. నేనేమో ఇంటి పనంతా అయ్యాక వెళ్ళేదాన్ని. కానీ ఏ రోజూ నేను నానబెట్టలేదు... వెళ్ళేసరికి నాని, సిద్ధంగా ఉండేది. మొదట్లో మీ బావేమో అనుకుని లోపల్లోపల మురిసిపోయాను.”

“బావే అయ్యుండొచ్చుగా,” అన్నాను.

అక్క వేళ్ళు తోమడం ఆపింది.

“తన బనియను నానబెట్టుకున్న పాపాన పోలేదే ఆ మనిషి... రాయి నానబెడతాడా?”