ఒకటో నంబర్ ఆప్షన్

మా ఆయన మీద నాకున్న కంప్లయింట్లన్నీ రాయాలంటే లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలదు గానీ, ముఖ్యమైనది చెప్తాను. మా అమ్మాయి సాయిదుర్గ ఇంటర్ సెకండియర్‌లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆయన ఇంట్లో ఎవర్నీ చప్పుడు చెయ్యనివ్వలేదు. కుక్కర్ ఒక్క విజిల్ వేస్తే పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసేవారు. పోపు వేస్తే "కూసింత మెల్లగా ఎయ్యే" అనేవారు. ఆవాలకి వాల్యూమ్ బటన్ ఉంటుందనుకున్న డిప్లొమా హోల్డర్ ఈ దేశంలో ఈయనొక్కరే అయి ఉంటారు. టీవీ కేబుల్ పీకించేసి, తను మాత్రం బాత్‌రూమ్‌లో బకెట్ బోర్లించుకుని కూర్చుని ఫోన్లో క్రికెట్ చూసేవారు. వికెట్ పడ్డప్పుడల్లా లోపల మగ్గు కింద పడేది.

ఆయన పేరు దేవీప్రసాద్. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. మా పెళ్ళిచూపులకి కూడా నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేశారు. బయట కుండపోతగా వాన. కనురెప్పల మీద బొగ్గు నలుసు. "ఏటి సదివారు?" అని నన్నొక్క ప్రశ్న అడిగి, కుర్చీలోనే నిద్రపోయారు.

"బీఎస్సీ బోటనీ" అన్నాను, ఆయన గురకతో.

మా అమ్మ బెంగపడింది. నాకు మాత్రం, అంత మంది మధ్య నన్ను చూడ్డానికొచ్చి అంత నిశ్చింతగా నిద్రపోగలిగిన మనిషి మళ్ళీ దొరకడేమో అనిపించింది. దాన్ని ప్రేమ అంటారో లేదో నాకు తెలీదు. వెంటనే ఒప్పేసుకున్నాను.

సరే, కూతురి సంగతికి వస్తాను. ఎంసెట్‌లో ర్యాంకు ఫర్వాలేదనిపించేలా వచ్చింది. పరీక్ష పేరు మారినా మేమంతా ఎంసెట్ అనే అంటాం. ర్యాంకు వచ్చిన సాయంత్రమే ఇంట్లో యుద్ధం మొదలైంది.

"సీఎస్‌ఈ తీసుకోయే. రుషికొండ ఐటీ ఆఫీసులో ఏసీ కింద కూకుని పనిసేత్తావు. నాను ఇరవై మూడేళ్ళనుంచీ కొలిమి కాడ నిలబడతన్నాను. ఇంట్లో ఒకరైనా సల్లగా ఉండాల."

"చల్లగా ఉండాలంటే ఐస్ ఫ్యాక్టరీలో చేరతా నాన్నా. నాకు నేవల్ ఆర్కిటెక్చర్ కావాలి. ఇక్కడే, యూనివర్సిటీ కాలేజీలో."

"ఓడలు కట్టి ఏటి సేత్తావే?"

"కట్టాక నీళ్ళలోకి వదుల్తారు నాన్నా. ఇంట్లో పెట్టుకోరు."

నేను చట్నీ రుబ్బుతూ నవ్వాను. మిక్సీ చప్పుడుకి ఆయన నా వైపు గుర్రుగా చూశారు.

దుర్గకి ఈ ఓడల పిచ్చి ఆరో క్లాసు నుంచీ ఉంది. బీచ్ రోడ్డుకి వెళ్తే అందరు పిల్లలూ ఇసుకలో ఆడితే, ఇది హార్బరు బయట లంగరేసి ఉన్న ఓడల్ని లెక్కపెట్టి, నీళ్ళలో ఎంత మునిగిందో చూసి, ఏది ఖాళీగా ఉందో ఏది సరుకుతో ఉందో చెప్పేది. పది రోజులు వాదించుకున్నాక, ఒక ఆదివారం వాళ్ళ నాన్నని అక్కడికే లాక్కెళ్ళింది. రెండు గంటల తర్వాత ఆయన తిరిగొచ్చి, చొక్కా విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఓడ కనబడితే ఆ పిల్ల కళ్ళు ఎలాగ ఎలుగుతాయో ఎప్పుడైనా సూసావేటే? నన్ను ఏనాడూ అలాగ సూడనేదు."

"నేను చూస్తున్నాను కదా."

"నువ్వు నా సొక్కాకున్న మరక సూత్తన్నావు." ఆయన నవ్వేశారు. "దాని ఇష్టం. రాసుకోమన్నాను."

అలా ఆయన ఒప్పుకున్నారు. కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో ఓడల బ్రాంచి ఒకటో నంబర్ ఆప్షన్‌గా పెట్టుకుని, మా పిల్ల ఆ రాత్రి పాటలు పాడుకుంటూ పడుకుంది. కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే నేనింత దూరం రాసేదాన్నే కాదు.

ఆప్షన్లు మార్చుకోడానికి ఆఖరి రోజున సింహాచలంలో మా ఆయన చుట్టాల పిల్లాడికి అన్నప్రాసన. మా ఆడపడుచు వరహాలమ్మ పక్కన కూర్చుంది.

"మావోడికి కంప్యూటర్సు రాసినాం. మరి మీ పిల్ల?"

"నేవల్ ఆర్కిటెక్చర్ వదినా. ఓడలు డిజైన్ చేస్తారు."

"ఓడలా?" ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "అంత తక్కువ ర్యాంకొచ్చిందేటి? పాపం."

ఆ "పాపం" నాతో పాటు కొండ దిగి, బస్సెక్కి, మా ఇంటిదాకా వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. దుర్గ ఫ్రెండ్ ఇంటికి వెళ్ళింది. లాప్‌టాప్ బల్ల మీదే ఉంది, పాస్‌వర్డ్ పక్క చీటీ మీద ఉంది. నేను చేసింది చాలా చిన్న పని. విజయవాడ దాటాక ఉన్న ఒక పెద్ద ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈని పైకి జరిపి ఒకటో నంబర్లో పెట్టాను. ఓడలు రెండో నంబరుకి దిగాయి.

సీట్లు ఇచ్చేటప్పుడు ఆప్షన్లని పైనుంచి కిందకి చూసుకుంటూ వస్తారనీ, ఎక్కడ సీటు తగిలితే అక్కడ ఆగిపోతారనీ, కిందవి ఇక చూడరనీ నాకు తెలుసు. కానీ ఆ కాలేజీలో కిందటేడు ఆఖరి సీటు మా ర్యాంకుకి నాలుగు వేల ముందే అయిపోయింది. ఎలాగూ రాదు. రాకపోతే ఓడలు వస్తాయి. మధ్యలో వరహాలమ్మకి ఫోన్ చేసి "పెట్టాం వదినా, కొద్దిలో తప్పిపోయింది" అనొచ్చు. అంతే నాక్కావలసింది.

సేవ్ నొక్కితే ఓటీపీ అడిగింది. నంబరు మా ఆయనది. డ్యూటీలో ఉన్నారు.

"ఏమండీ, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి."

"ఏటి ఓటీపీ?" వెనకాల ప్లాంటు హోరు.

"గ్యాస్ బుకింగ్."

కాసేపు హోరొక్కటే వినబడింది. తర్వాత అంకెలు ఒక్కొక్కటే చెప్పారు. చివర్న "అన్నం తిన్నావా?" అని కూడా అడిగారు. ఆ రోజు కొండ మీద పులిహోర తిన్నానని చెప్పాను. అదొక్కటే నిజం.

సీట్లు ఇచ్చిన రోజు ఆయన సెలవు పెట్టారు. ముగ్గురం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పేజీ తిరిగి తిరిగి తెరుచుకుంది.

సీఎస్‌ఈ. విజయవాడ దాటాక. ఆ ఏడు ఆ కాలేజీలో సీట్లు పెంచారట.

"ఇదేంటి?" దుర్గ గొంతులో ముందు కంగారు లేదు, లెక్క తప్పు పడినప్పటి చిరాకు మాత్రమే. "ఇది నా లిస్టు కాదు. ఇది ఒకటో నంబర్లోకి ఎలా వచ్చింది?"

 పిల్ల మెల్లగా వాళ్ళ నాన్న వైపు తిరిగింది. నా వైపు కాదు. నా వైపు తిరగాలని దానికి తట్టనైనా తట్టలేదు.

"ఓటీపీ నీ ఫోన్‌కే కదా నాన్నా వస్తుంది?"

ఆయన నా వైపు చూశారు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో అంతసేపు నన్ను చూసింది లేదు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండును.

"అవునే," అన్నారు. "నానే మార్చాను."

"నీ ఇష్టం అన్నావు కదా! బీచ్‌లో నా చెయ్యి పట్టుకుని అన్నావు!"

"నీ మంచికే గదే."

నేను నోరు తెరిచాను. లోపల పాలు పొంగిన చప్పుడైంది, లేచి వెళ్ళాను. పొంగకపోయినా వెళ్ళేదాన్నే.

రెండో విడతలో చూద్దామన్నారు ఎవరో. రెండో విడతలో ఓడల బ్రాంచిలో ఒక్క సీటు కూడా ఖాళీ లేదు. మా పిల్ల కంటే ఆరువందల ర్యాంకు వెనకున్న వాళ్ళెవరికో మొదటి విడతలోనే వచ్చేసిందని దుర్గే చూసి చెప్పింది. ఏడుస్తూ చెప్పలేదు. పేపర్లో ఎవరి వార్తో చదివినట్టు చెప్పింది. ఆ తర్వాత వాళ్ళ నాన్నతో మాట్లాడ్డం మానేసింది.

మా ఇంట్లో ఇప్పుడు కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా ఎవరూ రారు.

ఆయన డ్యూటీ నుంచి వచ్చే వేళకి దుర్గ గదిలోకి వెళ్ళిపోయేది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక బయటికొచ్చేది. నాతో మాత్రం అతుక్కుపోయింది. నా ఒళ్ళో తలపెట్టి "నువ్వు లేకపోతే చచ్చిపోయేదాన్నమ్మా" అనేది. నేను జుట్టు నిమిరేదాన్ని. ఆ చెయ్యి నాదేనా అని అనుమానం వచ్చేది.

టీసీ తెచ్చుకోవాలని ఒక పొద్దున్న బయల్దేరింది. వాన. ఆయన స్కూటర్ తీశారు. పిల్ల స్కూటర్ పక్కనుంచే నడిచి బస్‌స్టాప్‌కి వెళ్ళిపోయింది, గొడుగు కూడా లేకుండా. ఆయన స్కూటర్ వదిలేసి, గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్ళారు. దగ్గరికి వెళ్తే కోపమొస్తుందని రోడ్డుకి ఇవతలే నిలబడ్డారు. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. అటు పక్క కూతురు తడుస్తోంది. ఇటు పక్క ఈయన, విప్పిన గొడుగు చేతికి వేలాడేసుకుని, తనూ తడుస్తున్నారు. పిల్ల తడుస్తుంటే తనొక్కరూ గొడుగు వేసుకోడం బాగుండదనుకున్నారు కాబోలు. ఇద్దరూ అవే కనుబొమ్మలు ముడిచి, ఒకే బస్సు కోసం చూస్తున్నారు.

బస్సొచ్చింది. పిల్ల ఎక్కింది. ఆయన గొడుగు ముడుచుకుని వెనక్కొచ్చేశారు.

నేను డాబా మీదికి వెళ్ళిపోయాను, తడిసిపోయిన బట్టలు తియ్యాలన్న వంకతో. కాసేపటికి ఆయనా వచ్చారు. నా చేతిలోంచి దుప్పటి అంచు అందుకున్నారు. ఇద్దరం పిండుతున్నాం.

"ఎందుకలా చెప్పారు?" అన్నాను.

"ఏటి?"

"మీరే మార్చానని."

ఆయన దుప్పటి ఇంకో మెలిక తిప్పారు. "గ్యాస్ కంపెనీవోళ్ళ మెసేజిలో మన దుర్గ హాల్‌టికెట్ నంబరెందుకుంటాదే?"

నా చేతిలోంచి అంచు జారిపోయింది. "తెలిసే ఇచ్చారా?"

"నువ్వడిగావు గదా. ఏటో సరిసేత్తన్నావనుకున్నాను. నువ్వు డిగ్రీ సదివినదానివి." దుప్పటి మళ్ళీ నా చేతికిచ్చారు. "నాను ఆ సాయంత్రం ఒక్క మాట అడిగుంటే సరిపోను. అడగనేదు. అందులో సగం నాదే."

"నన్ను తిట్టండి."

"తిడితే సీటొత్తాదేటి?"

"మరి పిల్ల మిమ్మల్ని..."

"అది ఎవరో ఒకర్ని తిట్టాల గదా కుసుమా. ఇద్దరి మీదా కోపమొస్తే ఎవరి ఒళ్ళో ఏడుత్తాది?" వాన నీళ్ళు ఆయన ముక్కు మీంచి కారుతున్నాయి, వాననీళ్ళే అనుకున్నాను. "నాను షిఫ్టుల మనిషిని. సగం రోజులు ఎలాగూ కనబడను. నాతో మాటాడకపోయినా దానికి పెద్దగా తెలీదు. నీతో మాటాడకపోతే బతకనేదు. నువ్వూ బతకనేవు."

నాకు సినిమాల్లో లాగా ఎవరూ ఎప్పుడూ ప్రేమిస్తున్నానని చెప్పలేదు. ఈ వయసులో, తడి దుప్పటి పట్టుకుని, ఇలా చెప్పించుకోవలసి వచ్చింది. చెప్పించుకునే అర్హత పూర్తిగా పోయాక.

"నువ్వేటీ సెప్పకు," అన్నారు మెట్లు దిగుతూ. "నాలుగేళ్ళు పోతే అదే మర్చిపోద్ది."

నేనేమీ చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు. చెప్పకుండా ఉండడం అంత సుఖమని, అంత నరకమని ఒకేసారి తెలుసుకున్నాను. బోటనీలో ఇవేవీ చెప్పరు.

హాస్టల్‌కి బయల్దేరే రోజు. రైలు సాయంత్రం అయిదింటికి. మధ్యాహ్నం నుంచీ గదిలో సూట్‌కేసు సర్దుతున్నాం. ఆయన హాల్లో కింద కూర్చుని పరుపుచుట్టకి తాడు కడుతున్నారు. గది గుమ్మానికి గజం దూరం కూడా లేదు. దుర్గ మాత్రం ఆయన అక్కడ లేనట్టే నడుస్తోంది.

ఆయన కొనుక్కొచ్చిన కొత్త శాలువా నేను పెట్లో పెట్టాను. అది తీసి మంచం మీద పడేసింది.

"అది వద్దమ్మా."

"వానలకి రాత్రిళ్ళు చలేస్తుందే."

"ఆయన కొన్నవేవీ నాకొద్దు." తర్వాత ఎందుకో మెత్తబడి నా భుజం మీద గడ్డం ఆనించింది. "ఈ ఇంట్లో నా మాట విన్నది నువ్వొక్కదానివే. సెలవులకి కూడా నీకోసమే వస్తా."

హాల్లో తాడు కడుతున్న చేతులు ఆగాయి. ఆయన తలెత్తి నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. మళ్ళీ వంగి ముడి వేసుకోసాగారు. ఆ ముడి అప్పటికే మూడుసార్లు వేశారు.

"దుర్గా," అన్నాను.  "కాసేపు కూర్చో."

"టైమవుతోందమ్మా."

"నీ లిస్టు మార్చింది మీ నాన్న కాదు."

"ఒసేయ్ కుసుమా!" అన్నారు ఆయన హాల్లోంచి.

"మీరుండండి." నేను తల తిప్పి పిల్ల మొహమే చూస్తున్నాను. చూడాలి కాబట్టి. "అన్నప్రాసన నుంచి వచ్చిన రోజు నువ్వింట్లో లేవు. నేనే లాప్‌టాప్ తెరిచాను. గ్యాస్ అని అబద్ధం చెప్పి మీ నాన్న దగ్గర ఓటీపీ తీసుకున్నాను. ఆయన తన మీద వేసుకున్నారు, నేను వేసుకోనిచ్చాను."

నా భుజం మీదున్న గడ్డం మెల్లగా లేచిపోయింది. పిల్ల ఒక్కడుగు వెనక్కి వేసింది. కళ్ళు నా మీంచి హాల్లోకి, హాల్లోంచి నా మీదికి తిరిగాయి.

"ఎందుకమ్మా?"

ఇన్ని రోజులూ ఆ ఒక్క ప్రశ్నకి ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. కిందటేటి ర్యాంకులు, పెరిగిన సీట్లు, మీ అత్త, నా డిగ్రీ, నీ భవిష్యత్తు. ఒక్కటీ నోటి దాకా రాలేదు. వచ్చింది ఒకటే.

"ఎందుకైతేనేమే. తప్పు చేశాను. నీకూ చేశాను, ఆయనకీ చేశాను. నాదే తప్పు."