జోనీ కోసం వెనక్కొచ్చిన క్యాచర్

జ్వరం తగ్గింది, బిడ్డ బతికింది, కానీ చెవులు పోయాయని డాక్టరు చెప్పిన రోజే క్లెమ్‌కి ప్రొఫెషనల్ జట్టు నుంచి పిలుపొచ్చింది. ఒక చేత్తో రెండేళ్ల జోనీని, రెండో చేత్తో ఆ ఉత్తరాన్ని పట్టుకుని అతని భార్య వెర్నా వంటింట్లోనే కూలబడిపోయింది. ఏడవాలో సంతోషించాలో తెలియలేదు ఆ తల్లికి...

క్లెమ్ హావ్లిక్ మామూలు ఆటగాడు కాదు. నాలుగేళ్లు కాలేజీ బేస్‌బాల్ జట్టుకి క్యాచర్. ముఖానికి ఇనుప ముసుగు తగిలించుకుని, బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, బంతి ఎలా విసరాలో పిచ్చర్‌కి వేళ్లతో సైగ చేసేవాడు. విరిగి అతుక్కున్న వేళ్లతోనే ఆ జూన్‌లో జట్టుని ఒమాహాలో జరిగే జాతీయ కాలేజీల ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. నెబ్రాస్కాలోని వాళ్ల చిన్న ఊళ్లో అతను కనిపిస్తే మొక్కజొన్న రైతులు ట్రాక్టర్లు ఆపి పలకరించేవారు.

అలాంటివాడు వెళ్లనన్నాడు. అతని తల్లి ఆగ్నెస్ మండిపడింది. భర్త పోయాక పందుల్ని పెంచి కొడుకుని చదివించిన మనిషి ఆవిడ. పిల్లని బధిరుల హాస్టల్లో వేస్తే సరిపోతుందంది. చివరికి వెర్నాయే భర్తకి నచ్చజెప్పి, పెట్టె సర్ది, బస్సెక్కించింది.

ఆరు వారాలు ఆడాడు. బాగా ఆడాడు. ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్ చేసేవాడు. ఒకసారి మరిచిపోయి, జోనీకి ఫోనివ్వమన్నాడు. గుర్తు రాగానే ఫోను పెట్టేశాడు...

బుధవారానికల్లా పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నా గొంతు దానికి చేరదు వెర్నా. మనిషినైనా కళ్లెదుట ఉండాలి కదా."

ఆగ్నెస్ కోడలితో మాట మానేసింది. మానేసేముందు చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా, "నా కొడుకు బతుకు మింగేశావు అమ్మాయ్," అంది. అతనే వచ్చేశాడని వెర్నా ఒక్క ముక్క చెప్పుకోలేదు. క్లెమ్ చెప్పినా తల్లి నమ్మలేదు.

జోనీని హాస్టల్‌కి పంపలేదు. బధిరుల బడి ఉన్న ఊరికే కాపురం మార్చారు. క్లెమ్ ఆ బడిలోనే బాయిలర్లు చూసే పనిలో చేరాడు. సాయంత్రాలు భార్యాభర్తలు సైగల భాష నేర్చుకున్నారు. అతని వంకర వేళ్లు ఒక పట్టాన తిరిగేవి కావు. పడుకోమనబోయి ఇంకేదో అనేస్తే జోనీ పొట్ట పట్టుకుని నవ్వేది. కొన్నాళ్లకి బడివాళ్లే అతనికి, బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లల జట్టుని అప్పగించారు. జోనీ తండ్రిలాగే క్యాచర్ అయింది.

ఆమెకి పదిహేనేళ్లప్పుడు ఆ జట్టు జిల్లా ఫైనల్‌కి వచ్చింది. ఎదుటివాళ్లంతా చెవులు వినిపించే పిల్లలు. పేపర్లో మనవరాలి ఫోటో చూసి ఆగ్నెస్ కూడా వచ్చింది. కోడలికి రెండు వరుసల వెనక, ముఖం తిప్పుకుని కూర్చుంది.

చివరి ఇన్నింగ్స్. జోనీ జట్టుకి ఒక్క పరుగు ఆధిక్యం, ఎదుటివాళ్లలో ఇద్దరు అవుట్, ఇంకొక్కరు అవుటైతే గెలుపే. ఎదుటి జట్టు పిల్ల పరుగు కోసం, జోనీ కాపలా కాస్తున్న హోమ్ ప్లేట్ వైపు దూసుకొస్తోంది. మైదానమంతా అరుస్తోంది. ఆ అరుపులేవీ జోనీకి లేవు. ఆమెకి ఉన్నది బంతి ఒక్కటే. అందుకుంది, ఆ పిల్లకి తాకించింది, ఇద్దరూ దుమ్ములో దొర్లిపోయారు. దుమ్ములోంచి జోనీ చెయ్యి పైకి లేచింది. బంతి అందులోనే ఉంది!

క్లెమ్ కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. వెర్నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే అత్తగారు.

"వాడేమీ పోగొట్టుకోలేదు అమ్మాయ్," అంది ఆగ్నెస్. "నేనే పదమూడేళ్లు పోగొట్టుకున్నాను. క్షమించమని చేత్తో ఎలా చెప్పాలో కాస్త చూపించవూ..."

వెర్నా గుప్పిట బిగించి గుండె మీద గుండ్రంగా తిప్పింది. దుమ్ముకొట్టుకుపోయిన జోనీ దగ్గరికొచ్చేసరికి ముసలావిడ కంగారులో అరచెయ్యి చాపి తిప్పింది. అలా తిప్పితే "దయచేసి" అని అర్థం. జోనీ నవ్వి, నాయనమ్మ వేళ్లు ఒక్కొక్కటే మడిచి గుప్పిట చేసింది. ఆగ్నెస్ ఆ గుప్పిటతోనే కోడలి వైపు తిరిగింది. తన గుండె మీద తిప్పుతూనే ఉంది, వెర్నా ఆ చెయ్యి పట్టుకుని ఆపేదాకా.