వాయిదా లేని సాయంత్రం

...ఇప్పుడు భయం వేయాలి కదా, అనుకున్నాడు దయాకర్. పరాయి పేర్లతో బతికి బతికి, భయం కూడా ఎవరో చెబితే రాసుకున్న సమాచారంలా మిగిలింది. ఉందని తెలుసు. తగలదు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ రాజలింగం గొంతు.

"ఏడున్నవ్?"

"ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, సర్."

"పరీక్షలు వారం వాయిదా అంట. శ్రావణ్ గేమ్ లాంచ్ వెనకకు జరుపుతా అంటున్నడు. తేదీ మార్చనీకె ఐదింటి దాకనే టైం. జరిపితే మిషన్ ఖతం."

ఒక విదేశీ గేమ్ ఫోన్ల మైకుల్లోంచి సైనికుల ఇళ్లలో మాటలు వింటున్నది. నిషేధిస్తే దాని వెనకున్న గూఢచారి ముఠా మాయమై మరో రూపంలో వస్తుంది. ఆడేవాళ్లను ఇటు లాక్కోవడమే దారి. అందుకే తార్నాకలో శ్రావణ్ తయారు చేస్తున్న కొత్త గేమ్‌కు దయాకర్ పనిచేసే ఇంటెలిజెన్స్ ఆఫీసు రహస్యంగా అండ. రేపటితో పరీక్షలు అయిపోతాయి, హాస్టళ్లు తీరిగ్గా ఉంటాయి, రేపు సాయంత్రమే రిలీజ్. వారం ఆగితే విదేశీ గేమ్ కొత్త సీజన్ కింద ఇది నలిగిపోతుంది.

మెట్ల మీద విద్యార్థి నాయకుడు పరశురాం పల్లీలు తింటున్నాడు.

"ఏం తమ్మీ, పరీక్షలు వాయిదా అంట. ర్యాలీ లేదా?"

"ఫోన్ల సర్క్యులర్ తిరుగుతున్నదన్నా. నిజంగ వాయిదా పడితే గిట్ల కూసుంటమా? మా వల్లనే పడ్డదని రెండు సంఘాలోళ్లం డప్పులతోని కొట్లాడుకోమా?"

దయాకర్ బైక్ తీశాడు.

తార్నాకలో టిఫిన్ సెంటర్ పైన స్టూడియో. తేదీ మార్చే బటన్ మీద శ్రావణ్ వేలు. వెనక నల్లకళ్లద్దాలు తలపైకి నెట్టుకున్న పూర్ణిమ. పేరుకు మార్కెటింగ్ మేనేజర్. నిజానికి ముఠాలోకి ఆఫీసు పంపిన మనిషి.

"నొక్కు శ్రావణ్. యూనివర్సిటీల అడిగే వచ్చిన," అంటున్నది.

"ఆగు," అన్నాడు దయాకర్. "సర్క్యులర్ ఫేక్."

"నీకెట్ల తెలుసు?"

"క్యాంపస్‌ల డప్పుల్లేవు."

శ్రావణ్ వేలు వెనక్కి తీశాడు. "అరె! నిజమే గదన్నా!" గోడ మీద గడియారం ఐదు దాటింది.

పూర్ణిమ నవ్వింది. "మావోళ్లు పరాయి దేశంల కూసొని ఆ సర్క్యులర్ తయారు చేసిండ్రు. డప్పుల సంగతి నేనన్న చెప్పాల్సి ఉండె."

ఎనిమిది నెలలు ఆమె రిపోర్టులన్నీ నమ్మాడు. ఆమెతో చాయ్ తాగని సాయంత్రం లేదు.

"కోపం రాట్లేదా నీకు?" అడిగింది.

దయాకర్ లోపల వెతికాడు. "రావాలె," అన్నాడు.

రాజలింగం పంపిన మఫ్టీ మనుషులిద్దరు ఆమెను కిందికి తీసుకెళ్తుంటే గుమ్మంలో ఆగింది. "గిన్ని రోజులు దీనికి కాపలా కాసినవ్. ఒక్కసారన్న ఆడినవా?"

మర్నాడు గేమ్ అనుకున్న వేళకే విడుదలైంది. లాలాపేట్ గదిలో మంచం మీద కూర్చుని దయాకర్ ఇన్‌స్టాల్ చేశాడు. మైదానంలో నాలుగడుగులు వేశాడో లేదో, ఏ హాస్టల్ కుర్రాడో వెనకనుంచి కాల్చేశాడు.

తెర మీద అక్షరాలు: మీరు చనిపోయారు.

ఈ కబురు తనకు కాస్త ఆలస్యంగా అందిందనిపించింది అతనికి. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత 'మళ్లీ ఆడు' నొక్కాడు.