ఫ్రీజర్‌లో ఫాస్ఫటేజ్

"ఆ బటర్‌స్కాచ్ డబ్బాలు తీసేసి ఇది పెట్టండి, ప్లీజ్!"

నవనీత్ తలెత్తి చూశాడు. జగ్గయ్యపేటలో రోహిణి ఎండకి రోళ్లు పగులుతున్న మధ్యాహ్నం అది. ఐస్‌క్రీం షాపుకొచ్చి ఐస్‌క్రీం తీసెయ్యమన్న అమ్మాయిని అతనింతవరకూ చూడలేదు. చేతుల్లో థర్మోకోల్ పెట్టె, కళ్లల్లో కోపం. ఆ కోపం తన మీద కాదు, చెడిపోయిన బస్సు మీదని అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"కొనడానికొచ్చారా, షాపు ఖాళీ చేయించడానికొచ్చారా?"

"బస్సు ఆగిపోయిందండీ. ఇందులో ఐస్ కరిగిపోతోంది. సాయంత్రం మా ల్యాబ్ జీపు వచ్చేదాకా దీన్ని మైనస్ ఇరవైలో ఉంచాలి. మీ డీప్ ఫ్రీజరే దిక్కు."

"ఏముంది అందులో?"

"రీకాంబినెంట్ హ్యూమన్ ఫాస్ఫటేజ్. రిసెర్చ్ కోసం తెప్పించిన ప్రొటీన్."

"ఏ ఫ్లేవరు?"

ఆమె నవ్వలేదు. "ఇది పాడైతే నా ఫెలోషిప్ అయ్యేలోగా ఇంకోటి రాదండీ. నా పీహెచ్‌డీ మీ గుమ్మంలోనే కరిగిపోతుంది."

నవనీత్ డబ్బాలు బయటికి తీసి, ఆమె పెట్టెని ఫ్రీజర్లో పెట్టాడు. తర్వాత ఒక చెంచా ఆమె చేతికిచ్చాడు.

"బయటికి తీయించింది మీరు. కరిగేలోపు తినడం మీ బాధ్యత."

ఈసారి నవ్వింది. పేరు మెర్లిన్ అని, ఊరు నందిగామ అని ఆ చెంచా పుణ్యానే తెలిసింది.

"ఇంతకీ అది చేసే పనేంటండీ?"

"కొన్ని ప్రొటీన్లకి ఫాస్ఫేట్ అతుక్కుంటే తెగ హడావిడి చేస్తాయి. ఇది దాన్ని ఊడదీస్తుంది. అప్పుడు శాంతిస్తాయి."

"మా అమ్మకి రెండు చుక్కలు ఇస్తారా?"

అంతలో కరెంటు పోయింది. మెర్లిన్ మొహం పాలిపోయింది. నవనీత్ ఒక్క గెంతులో ఫ్రీజర్ మూత మీదెక్కి కూర్చున్నాడు.

"మూత తియ్యకపోతే సాయంత్రం దాకా చల్లగానే ఉంటుంది. నేనుండగా ఎవరు తీస్తారో చూస్తా!"

ముక్త్యాల సిమెంటు లారీ ఆపుకుని డ్రైవర్ కృష్ణయ్య వచ్చాడు. "ఒక కుల్ఫీ ఇవ్వు బాబూ."

"లేవు బాబాయ్."

"మరి నువ్వెక్కి కూర్చున్న దాంట్లో ఏముంది?"

"మనిషి ప్రొటీన్!"

కృష్ణయ్య నోరెళ్లబెట్టి వెళ్లిపోయాడు. కానీ షాపు వెనకే ఇల్లు. ఆ మాట చెవినపడి, ఆవకాయ కలుపుతున్న తల్లి వాసవాంబ ఎర్రటి కారం చేతులతోనే బయటికొచ్చింది.

"ఒరేయ్, కోడిగుడ్డు కూడా తగలనివ్వని ఫ్రీజర్లో మనిషిదేంట్రా? తియ్యి ముందు!"

వేళాకోళం తనకే చుట్టుకుందని నవనీత్ నాలిక కరుచుకున్నాడు. మెర్లిన్ మాత్రం లేచి నిలబడింది.

"ఒంట్లోంచి తీసింది కాదండీ. మన ఒంట్లో అది ఎలా తయారవుతుందో ఆ పద్ధతి మాత్రమే మనిషిది. దాన్ని బాక్టీరియాకి ఇస్తే, అదే చేసిపెడుతుంది."

వాసవాంబ తన చేతుల కారం వైపు చూసుకుంది. "అంటే నా ఆవకాయ కొలత పక్కింటి దుర్గాంబకి చెబితే, తను కలిపినట్టా?"

"అచ్చం అంతేనండీ!"

"అయితే అది నా ఆవకాయే. ఎవరు కలిపితేనేం? ఉండనీ."

సాయంత్రం జీపెక్కే మెర్లిన్ చేతిలో థర్మోకోల్ పెట్టెతోపాటు ఒక చిన్న ఆవకాయ జాడీ కూడా ఉంది. కొలత అడిగి మరీ నేర్చుకుంది.

వారం తిరక్కుండా షాపుకి మెర్లిన్ ఫోన్ చేసింది. "పనిచేసిందండీ!" ఆ ఒక్క మాటకి నవనీత్ రోజంతా చిల్లర తప్పుగా ఇచ్చాడు.

ఆ తర్వాత అతనికి నందిగామలో పనులు పెరిగాయి, అవీ మెర్లిన్ ఇంటికొచ్చే ఆదివారాల్లోనే. అక్కడ కోన్లు చవకని తల్లికి చెప్పేవాడు. అవే కోన్లు పేటలో ఇంకా చవకని తెలిసినా ఆవిడ ఏమీ అనేది కాదు.

ఓ ఆదివారం నందిగామ బస్టాండులో వాన పట్టుకుంది. ఒకే గొడుగు. సగం తడుస్తూ నవనీత్ అనేశాడు.

"మీరు అతుక్కున్నప్పట్నుంచీ నాకు తెగ హడావిడిగా ఉంది మెర్లిన్ గారూ. ఊడదీయించుకునే ఉద్దేశం మాత్రం లేదు."

ఆమె గొడుగు అతని వైపు జరిపింది. సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. "గుడ్డే రానివ్వని ఇంట్లోకి నన్ను రానిస్తారా?"

తల్లిని అడిగే ధైర్యం నవనీత్‌కి లేదు.

మళ్లీ మామిడికాయలొచ్చాయి. మెర్లిన్ తనే వచ్చింది, ఆ జాడీలో తను కలిపిన ఆవకాయతో. నవనీత్ ఫ్రీజర్ మీదెక్కి కూర్చున్నాడు. వాసవాంబ ముక్క నోట్లో వేసుకుంది.

"వెల్లుల్లి వెయ్యలేదేం?"

"మా అమ్మ వేస్తానందండీ. మీ కొలతలో లేదని నేనే వద్దన్నా."

వాసవాంబ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నా ఆవకాయే," అంది చివరికి. "ఎవరు కలిపితేనేం అని ఆవేళ అన్నది నేనేగా."

తర్వాత కొడుకు వైపు తిరిగి కసిరింది.

"ఇంకా ఎక్కి కూర్చున్నావేంట్రా? దిగు! కోడలు ఎండనపడి వచ్చింది, ఆ బటర్‌స్కాచ్ తియ్యి!"